సెలవుదినములు – సీమాభేదములు

"సెలవు" అను మాటకు మన భాషలో అర్థములు పెక్కులు. పెద్దలు మాటాడినచో "సెలవిచ్చిరి" అందుము. ఇంటికి వచ్చిన చుట్టము పోవునపుడు "సెలవు పుచ్చుకొనును". పూర్వపు లెక్కల పుస్తకములలో సొమ్ము వ్యయమైనచో "సెలవైనది" అని వ్రాసెడివారు. పని మాని ఇంట నుండు దినమునకును అదే మాట. ఇందు పెక్కింట పైవాని అనుమతి యను భావము దాగియున్నది. సంస్కృత పాఠశాలలలో మాత్రము పేరు వేఱు. అక్కడ దానిని అనధ్యయన మందురు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలయందు గురువు పాఠము చెప్పడు, శిష్యుడు వల్లింపడు. ఆ సెలవును అడుగ బనిలేదు, చంద్రుడే ఇచ్చును. మా తండ్రిగారి తరమువారు నైజాము బడులలో చదివినవారగుటచే "తాతీలు" అనెడివారు. బోధను అంగడిలో నేటికిని "ఛుట్టీ" యను మాటయే ఎక్కువ వినబడును.

చంద్రుడిచ్చు సెలవునకును, సర్కారిచ్చు సెలవునకును, నాగలి పట్టువానికి కావలసిన సెలవునకును పొత్తు కుదురుట కష్టము. ఆ చిక్కును గుఱించియే నేను నేడు ముచ్చటింపదలచితిని.

మన దేశమునం దంతటను తప్పక పాటింపబడు జాతీయపు సెలవులు మూడే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. మిగిలినవి రాష్ట్రమును బట్టియు, కచ్చేరిని బట్టియు మాఱుచుండును. ఇందునకు మూలాధారమైన శాసనము పండుగలను గుఱించి పుట్టినది కాదనిన మీకు వింతగా తోచవచ్చును. అది 1881 లో ఆంగ్లప్రభుత్వమువారు ప్రామిసరీ నోట్లు, హుండీలు, చెక్కుల వ్యవహారమునకై చేసిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము. నోటు గడువు సెలవునాడు తీఱినయెడల సొమ్ము ఎప్పుడు చెల్లింపవలెను? మఱునాడని మన మనుకొందుము. శాసనకర్తలు అట్లు తలపలేదు. దానికి ముందటి పనిదినముననే గడువు తీఱినట్లు భావింపవలెనని 25వ విభాగమున వ్రాసిరి. అప్పుడు "బహిరంగ సెలవు" అనగా నేమియో చెప్పవలసి వచ్చినది. మొదట వారు పేరెత్తి చెప్పినవి ఆదివారము, ఆంగ్ల సంవత్సరాది, క్రిస్మసు, గుడ్ ఫ్రైడే. తక్కినవి గెజెట్టులో ప్రకటింపబడు దినములు. ఆ ప్రకటించు అధికారమును కేంద్ర ప్రభుత్వము 1957 లో రాష్ట్రములకు అప్పగించినది. అప్పులవాని గడువుకొఱకు పుట్టిన మాట మీదనే నేటి బ్యాంకుల సెలవులన్నియు నిలిచియున్నవి.

రాష్ట్రప్రభుత్వమువారు ఏటేట ప్రకటించు జాబితాలు ఒకటి కాదు. సాధారణపు సెలవులు వేఱు, ఇష్టమైనచో ఉద్యోగి ఏఱుకొను ఐచ్ఛికపు సెలవులు వేఱు, పైజెప్పిన శాసనము క్రింద బ్యాంకులకు ఇచ్చునవి వేఱు. తెలంగాణమున ఉద్యోగి ఐచ్ఛికములలో ఐదింటిని వాడుకొనవచ్చును, కేంద్రోద్యోగికి రెండే. అంతియ కాదు, ఢిల్లీ వెలుపలనుండు కేంద్రపు కచ్చేరులు పండ్రెండు పండుగల పట్టికనుండి మూడింటిని మాత్రము ఎన్నుకొనవలెను. ఆ పట్టికలో మన సంక్రాంతి, మలయాళుల ఓణము, ఒడిస్సావారి రథయాత్ర మున్నగునవి కలవుగాని బతుకమ్మ లేదు. కనుక భాద్రపద బహుళ అమావాస్యనాడు, అనగా ఎంగిలిపూల బతుకమ్మనాడు, నిజామాబాదులో కలెక్టరు కచ్చేరి మూతపడియుండగా తపాలా కచ్చేరి తెఱచియుండుట సంభవించును. పింఛను కాగితములు పట్టుకొని పట్నమునకు పోవు ముసలివారు ఒకే వీథిలో ఒక తలుపునకు తాళమును, ఒక తలుపు తెఱచియుండుటయు చూచి విస్తుపోవుట నేనెఱుగుదును. బస్సు కిరాయి వృథా కాకుండవలెనన్న ఏ కచ్చేరికి ఏ జాబితాయో ముందుగా విచారించుకొనుట మంచిది.

మన సీమకు ఈ గందరగోళము క్రొత్తది కాదు. నిజాము రాజ్యమున వారపు సెలవు శుక్రవారము. ఆదివారమునాడు బడులు, కచ్చేరులు నడచెడివి. సరిహద్దు దాటి బ్రిటిషు ఇలాకాకు పోయినచో అక్కడ ఆదివారము సెలవు. 1948 సెప్టెంబరులో రాజ్యము భారతదేశమున కలసిన పిదప మనకును ఆదివారమే సెలవైనది. సర్కారీ లెక్కలు నడచినది ఫసలీ సంవత్సరము మీద. దానికి మాసముల పేర్లు ఆజూరు, దై, బహ్మను అని పారసీకములు. నిజాము ఇలాకాలో ఆ సంవత్సరము ఆజూరుతో, అనగా ఇంచుమించు అక్టోబరులో ప్రారంభమగుచుండగా, మద్రాసు ఇలాకాలో ఫసలీ జూలై 1వ తేదీన మొదలయ్యెడిది. ఒకే పేరుగల సంవత్సరమునకు రెండు పుట్టినదినములన్నమాట! మా యింట పాత పహాణీ నకళ్లలో ఆజూరు తేదీలు చూచి నేటి కుఱ్ఱవారు అది ఊరి పేరనుకొందురు.

సూర్యచంద్రుల లెక్కయే పండుగలను దేశదేశమునకు మార్చును. మనకును, మరాఠీలకును, కన్నడిగులకును సంవత్సరాది చైత్ర శుద్ధ పాడ్యమి. మనము ఉగాది యందుము, మంజీరకు ఆవలివారు గుఢీ పాడ్వా యందురు. తమిళులకును, వంగీయులకును, పంజాబువారికిని సౌరమానముచే ఏప్రిల్ నడుమ వచ్చును. గుజరాతీలకు దీపావళి మఱునాడు. ఉత్తరదేశమున మాసము పూర్ణిమతో ముగియును, మనకు అమావాస్యతో ముగియును. అందుచే మన శ్రావణ బహుళము వారికి భాద్రపదము. దినమొక్కటే, పేరు వేఱు. ముస్లిముల మాసములు శుద్ధ చాంద్రములగుటచే రంజాను ఏటేట పదునొకండు దినములు ముందునకు జరిగి, ముప్పదిమూడేండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. మనమైతే అధికమాసమును చేర్చి ఆ జరుగుటను ఆపుకొంటిమి. సంక్రాంతి సూర్యుని పండుగయైనను అదియు కదలక యుండదు: వివేకానందస్వామి పుట్టిన 1863 జనవరి 12 మకరసంక్రాంతి దినమే, ఇప్పుడది 14, 15 తేదీలకు జరిగినది. దేశమున ముప్పది విధముల పంచాంగములున్నవని గ్రహించి, 1952 లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. వారి సూచన మీద 1957 మార్చి 22 నుండి జాతీయ శకపంచాంగము అమలులోనికి వచ్చినది. గెజెట్టు మీదను, రేడియోలోను ఆ తేదీని చెప్పుదురు. ఊరిలో దాని ననుసరించి విత్తనము చల్లినవానిని నేను చూడలేదు. 2023 లో విజయదశమి అక్టోబరు 23 నాడా, 24 నాడా అని పండితులలో తర్జనభర్జన జరుగగా తెలంగాణ ప్రభుత్వమువారు ఆ రెండు దినములను సెలవులుగా నిర్ణయించిరి. పండితుల తగవు బడిపిల్లలకు లాభించిన సందర్భములు అరుదు, ఇది యొకటి.

ఇక మన బోధను చెఱకుసీమకు వత్తము. మంజీరానది మీద 1923 మొదలు 1931 వఱకు నిజాంసాగరము కట్టబడినది. ఆలీ నవాజ్ జంగు దానికి చీఫ్ ఇంజనీరు. కాలువ నీరు పాఱిన వెనుక కృష్ణా, గుంటూరు, గోదావరీ మండలములనుండి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధను ప్రాంతములందు భూములు కొని కాపురములు పెట్టిరి. వారి పల్లెలను నేటికిని "క్యాంపులు" అనియే పిలుతుము. 1937 లో శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. ఇట్లు తెలుగు మాటాడువారిలోనే రెండు తెగల పండుగలు ఒక కాలువ గట్టున చేరినవి. ఇందూరు సీమవాని పెద్దపండుగ దసరా. ఆడబిడ్డలు బతుకమ్మకు పుట్టింటికి వత్తురు. జమ్మిఆకును "బంగార" మని పెద్దల చేతిలో నుంచి మ్రొక్కుదురు. క్యాంపువాని పెద్దపండుగ సంక్రాంతి. క్రొత్తయల్లుడు అప్పుడే వచ్చును. సర్కారు జాబితాయు దీనినే అనుసరించును: ఆంధ్రప్రదేశమున భోగి, సంక్రాంతి, కనుమ మూడును సెలవులు, తెలంగాణమున కనుమ ఐచ్ఛికములలో పడినది. మనకు బతుకమ్మ ప్రారంభమునకును, బోనాలకును సెలవులు కలవు. ఆంధ్రమున అవి లేవు. ఎవరి మీదను చిన్నచూపుచే చేసినది కాదు ఈ భేదము. ఎవరింట చుట్టములు ఎప్పుడు నిండుదురో దానిని బట్టి వచ్చినది.

హోళీయు అట్లే. తీరాంధ్రమున దాని సందడి అంతగా లేదు. మన సీమలో కాముని పున్నమ పిల్లల పండుగ. బోధనునకు సమీపమునగల హున్సా గ్రామమున ఆ సాయంకాలము పిడిగుద్దులాట జరుగును. ఊరివారు రెండు పక్షములై మోకును ఒక చేత పట్టుకొని, రెండవ చేత ఒండొరులను గ్రుద్దుకొందురు. కొన్ని నిమిషములలో ముగించి కౌగిలించుకొందురు. పోలీసువారు వలదన్నను ఊరివారు మానలేదు. సెలవు పట్టికలో హోళీ యను రెండక్షరములు చూచి ఆ పండుగ అంతట ఒక్కటే యనుకొనువాడు ఒకసారి హున్సాకు రావలెను.

సరిహద్దు గ్రామములకు వేఱొక చిక్కు కలదు. 1956 నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనపుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోయినది. దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లను వేఱుచేసి తెలుగువారికి విడిచిరి. నిన్నటిదాక ఒకే కచ్చేరికి పోయిన అన్నదమ్ములకు ఆ దినమునుండి రెండు సెలవు పట్టికలు వచ్చినవి. సాలూర దాటి మంజీర వంతెన మీద ఆవలకు పోయినచో మే 1 మహారాష్ట్ర దినము. మనకు జూన్ 2, 2014 నుండి రాష్ట్రావతరణ దినము. 1956 నుండి 2013 వఱకు నవంబరు 1 మనకు అవతరణోత్సవము. నేడు ఆ దినమున కన్నడిగులు రాజ్యోత్సవము చేసికొందురు. మఱి సెప్టెంబరు 17? ఒకే నిజాము, ఒకే లొంగుబాటు, ఒకే దినము. మరాఠవాడలో దానిని ముక్తిసంగ్రామ దినమని పతాకము నెత్తుదురు. కర్ణాటకమువారు 2019 నుండి కల్యాణ కర్ణాటక ఉత్సవమనిరి. మనకు 2022 లో రాష్ట్రప్రభుత్వము సమైక్యతా దినమనియు, కేంద్రము విమోచన దినమనియు, 2024 లో రాష్ట్రము ప్రజాపాలన దినోత్సవమనియు పేరులు పెట్టినవి. ఆ దినములను కన్నవారు తక్కువైపోయినకొలది పేరులు ఎక్కువగుచున్నవి.

గ్రామపెద్దలారా, నాకు మిక్కిలి ముఖ్యముగా తోచు సంగతి ఇంకను చెప్పలేదు. అది ఎద్దుల సెలవు.

ఏడాది పొడుగునను కాడి మోయు పశువునకు ఒకదినము విశ్రాంతి యిచ్చి పూజించుట మన దేశమునం దంతటను కలదు; కాని ఏ దినమన్నచో సీమకొక తీరు. జ్యేష్ఠ పూర్ణిమనాడు, ఏరువాక సాగుటకు పూర్వము, కొందఱు చేయుదురు. కన్నడిగుల కార హుణ్ణిమె అదియే. తీరాంధ్రమున వరి కోతలైన పిదప కనుమనాడు చేయుదురు. మరాఠవాడలోను, దానిని ఆనుకొనిన బోధను, ముధోలు, జుక్కలు సీమలలోను శ్రావణ బహుళ అమావాస్యనాడు చేయుదురు. మరాఠీలు పోళా యందురు, మనము పొలాల అమావాస్య యందుము. విచారించినచో ప్రతిదియు వ్యవసాయమును బట్టియే యున్నది. నల్లరేగడిలో జొన్న, ప్రత్తి వేయువానికి దుక్కులు, గుంటకలు తోలుట శ్రావణాంతమున ముగియును. ఎద్దుమెడ ఆఱవలసిన కాలము అదియే. తీరమున వరి కుప్ప నూర్చు పని పుష్యమాసము వఱకు పట్టును. మా చెఱకుసీమలోనో, జనవరి నెల గానుగ కాలము. నవంబరునుండి మార్చి వఱకు కర్మాగారము నడచునప్పుడు నఱకిన చెఱకును నిలువ పెట్టరాదు. దినము గడచినకొలది బరువును, తీపును తగ్గును. క్యాంపులోని ఎద్దులకు కనుమ పండుగ. కాని కనుమనాడు కర్మాగారము ఆగదు. బండ్లనిండ చెఱకు పెట్టుకొని శక్కర్‌నగరపు త్రోవలో బారులు తీర్చిన కాలమున, పసుపుకుంకుమల కొమ్ములతోనే ఎద్దులు బండి లాగినవి. పండుగను తీరమునుండి తెచ్చుకొనవచ్చును గాని పైరు కాలమును తెచ్చుకొనరాదు గదా.

పేరును గుఱించి ఒక మాట. "పొలాల" అనగా పొలమునకు సంబంధించినదని మనవారు. మరాఠీలో పోళ్ అనగా దేవుని పేర విడిచిన ఆబోతు. దానినుండి పోళా యని వారు. తీరాంధ్రమునుండి వచ్చిన స్త్రీలు అదే అమావాస్యనాడు, "పోలాల అమావాస్య" యని దీర్ఘము తీసి, కందమొక్కకు పసుపుతోరము కట్టి, పోలేరమ్మగా భావించి, బిడ్డల క్షేమమునకై వ్రతము చేయుదురు. అందు ఎద్దు లేదు. ఒకే తిథి, ఇంచుమించు ఒకే పేరు, ఒక గట్టున ఎద్దునకు, ఒక గట్టున బిడ్డకు పూజ. ఏది ముందు, ఏది వెనుక యను తగవునకు నేను పోను.

నేను సరిహద్దు పల్లెల బడులలో తెలుగుపండితుడనై పనిచేసినవాడను. పొలాల అమావాస్యనాడు బడికి సెలవు లేదు. హాజరుపట్టీలో ఆ దినము వరుసగా సున్నలే. వాగులో ఎద్దులను కడుగవలెను, మెడకు నేయి, పసుపు రాయవలెను, కొమ్ములకు రంగులు పూయవలెను, పోలెలు తినిపింపవలెను, సాయంకాలము హనుమంతుని గుడిచుట్టు త్రిప్పవలెను. ఇవన్నియు చేయునది పిల్లలే. ఒక సంవత్సరము పైకచ్చేరివారు ఆ దినముననే పరీక్ష పెట్టిరి. పట్టుమని పదిమంది రాలేదు. రానివారికి సున్న మార్కులు వేయవలెనని ఉత్తరువు. ఒక ముసలి రైతు బడికి వచ్చి, "సారూ, పొద్దుగాల్నించి ఎడ్లను కడుగ మా పోరడే పోయిండు. ఎడ్లకు పండుగ లేకుంటె మనకేం పండుగ? ఒక్కనాటికి పోరని పేరు కొట్టేస్తరా?" అని నన్నడిగెను. ఆ పిల్లవాని తరగతిలో దాదాపుగా అందఱిదియు అదే కథ. కార్తికములోనో మాఘములోనో వేఱొక సీమవారి పండుగకు వారందఱును ఇంట కూర్చుండి సెలవు గడపిరి. తమ యింటి పండుగనాడు మాత్రము ఎగవేతగాండ్రని పుస్తకమున ఎక్కిరి.

ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గినవి. ఎద్దులు లేనివారు అంగడిలో మట్టి ఎద్దులు కొని పీట మీద పెట్టి పూజింతురు. అందుచే సెలవు అనవసరమని కొందఱందురు. నేను ఒప్పుకొనను. ఎద్దు లేని యింట మట్టి ఎద్దు నిలిచినదనగా ఆ పండుగకు బలమెంతయో తెలియుచున్నది.

కూలివానిని మఱవరాదు. నేను చెప్పిన జాబితాలన్నియు జీతగాండ్రవి. దినకూలి చేసి చెఱకు నఱకువానికి సెలవనగా కూలి లేని దినము. కర్మాగారపు పనివాని స్థితి కొంత మెఱుగు: 1974 లో ఆంధ్రప్రదేశమున చేయబడిన కర్మాగారముల సెలవుల శాసనము జాతీయదినములతో బాటు మే 1 ని, మఱికొన్ని పండుగలను జీతముతో గూడిన సెలవులుగా ఏర్పఱచినది, ఆ దినమున పని చేయించినయెడల రెట్టింపు జీతమో, జీతముతోబాటు బదులు సెలవో ఇయ్యవలెనన్నది. శక్కర్‌నగరపు పనివారు ఈ హక్కు ననుభవించిరి. 2002 లో ఆ కర్మాగారము ప్రైవేటువారి వశమైనది. 2015 డిసెంబరున మూతపడినది. ఆ సంవత్సరము సంక్రాంతికి శక్కర్‌నగరమున దినములన్నియు సెలవులే. పండుగ సెలవు నడుగుటకు పని యుండవలెనని ఆ కాలనీవారికి అప్పుడు తెలిసివచ్చినది.

స్థానికపు సెలవునకు మార్గము లేకపోలేదు. మేడారము జాతరకును, కేస్లాపురము నాగోబా జాతరకును కలెక్టర్లు స్థానికముగ సెలవు ప్రకటించి, దానికి బదులుగ రెండవ శనివారమున పని చేయించుట కలదు. మహారాష్ట్రమున ప్రతి కలెక్టరు ఏటికి మూడు స్థానికపు సెలవులు ప్రకటించుట వాడుక. నాగపూరులో పోళా మఱునాటి మర్బత్ ఉత్సవమునకు అట్లు సెలవిత్తురు. మన బడులలో ప్రధానోపాధ్యాయునకును ఊరి జాతరలకు కొన్ని స్థానికపు సెలవులిచ్చు వీలు కలదు. పరీక్షల పట్టిక వెలువడిన తరువాత అడిగిన లాభము లేదు. జూన్‌లో బడి తెఱచిన మొదటి వారముననే ఊరివారందఱును చేవ్రాలు చేసి దరఖాస్తు ఇయ్యవలెను. ఆ దరఖాస్తు మీద క్యాంపు స్త్రీలచేతను చేవ్రాలు చేయింపుడు. పోలేరమ్మ వ్రతము వారిదియు ఆ దినముననే గదా, ఎద్దు కలవారును బిడ్డ కలవారును కలసి అడిగినచో కాదనుట కష్టము.

తేదీ వేయునపుడు మాత్రము తెలుగు పంచాంగమును, మరాఠీ పంచాంగమును రెండింటిని ఎదుట నుంచుకొనుడు. అమావాస్య ఒకనాటి మధ్యాహ్నము వచ్చి మఱునాటి మధ్యాహ్నమునకు పోయిన సంవత్సరమున, ఎద్దుల ఊరేగింపు సాయంకాలపు పని గనుక పోళా ముందటి దినముననే జరుగును. వ్రతమునకు ఉదయపు తిథిని చూచువారు రెండవ దినమును కోరుదురు. అట్టి యేడు ఊరిలో ముందుగానే కూర్చుండి, ఏదో యొక దినమును ఖాయపఱచుకొని, ఆ తేదీనే దరఖాస్తులో వ్రాయుడు.